ఒక్క ఇంజిన్, ఇద్దరు అమ్మకందార్లు

1979. అమెరికాలోని యూటా రాష్ట్రం. హిల్ వైమానిక స్థావరం నుంచి లేచిన కొత్త ఎఫ్-16 యుద్ధవిమానం కాక్‌పిట్‌లో ఉన్నారు మీరు. విమానానికి ఉన్నది ఒక్కటే ఇంజిన్. థ్రాటిల్ ముందుకు నెట్టగానే వెనక ఢామ్మంటుంది. మీటర్లు చూడండి: ఇంజిన్ వేగం పడిపోతోంది, టర్బైన్ వేడి మాత్రం పెరిగిపోతోంది. థ్రాటిల్ ఎంత కదిపినా ఉలుకూ పలుకూ లేదు. ఇంజిన్ ఆపేసి గాల్లోనే మళ్లీ స్టార్ట్ చేయాలి. ఈలోగా నేల మీదికొచ్చేస్తోంది.

దీన్ని ‘స్టాగ్నేషన్’ అంటారు. ప్రాట్ అండ్ విట్నీ వారి ఎఫ్100 ఇంజిన్‌కి అదో మొండి జబ్బు.

కిందికి దిగి, ఎఫ్-15 యుద్ధవిమానాలు తయారయ్యే సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీకి రండి. రెక్కలూ తోకా బిగించిన ఎఫ్-15లు ఇంజిన్లు రాక నిలిచిపోయాయి. విడిభాగాలు చేసే కంపెనీల్లో సమ్మెలు. ఎఫ్-15కీ, ఎఫ్-16కీ ఇంజిన్ ఇచ్చేది ఆ ఒక్క ప్రాట్ కంపెనీయే. వేరే దిక్కు లేనివాడి మాట ఎవరు వింటారు?

1980 డిసెంబర్. ఇంకో ఎఫ్-16 గాల్లోకి లేస్తోంది. దీని తోకలో గర్జిస్తున్నది జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) ఇంజిన్. బి-1 బాంబర్ ఇంజిన్ నుంచి తీర్చిదిద్దినది. పోటీదారు దొరికాడు.

1984 ఫిబ్రవరి, అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్. ఇద్దరి బిడ్లూ పక్కపక్కన ఉన్నాయి. ఇంజిన్ ధరతోపాటు వారంటీ, స్పేర్ పార్టులు, ఏళ్ల తరబడి నడిపేందుకయ్యే ఖర్చు, అన్నీ లెక్కకొచ్చాయి. 160 ఇంజిన్లలో జీఈకి 120, ప్రాట్‌కి 40.

వెనకబడ్డవాడికి ఆ 40 ఎందుకు? మొత్తం జీఈకే కట్టబెడితే రేపు జీఈయే ఏకైక దిక్కవుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ 40తో ప్రాట్ బరిలో నిలిచింది. మెరుగైన వారంటీ ఇచ్చింది. డిజిటల్ కంట్రోల్‌తో ఎఫ్100-220 ఇంజిన్ తెచ్చి ఆ మొండి జబ్బుకు మందు వేసింది. మరుసటి ఏడాది ఆర్డర్‌లో దాని వాటా దాదాపు సగానికి చేరింది.

ప్రజల సొమ్ముతో ఆయుధాలు కొనే ఏ ప్రభుత్వమైనా దీన్ని గుర్తుంచుకోవాలి. ఒక్కసారి టెండర్ పిలిచి, తక్కువ కోట్ చేసినవాడికి అంతా అప్పగిస్తే పోటీ ఆ రోజుతోనే ముగుస్తుంది. రెండోవాణ్ణి బతికించడానికయ్యే ఖర్చు దుబారా కాదు, బేరమాడే బలానికి పెట్టుబడి.