ప్రతి వ్రాయు ధర్మము: తాటాకు నుండి డిస్కు వఱకు



కోటబొమ్మాళి ప్రాంతమువారికి శ్రీముఖలింగము తెలియని క్షేత్రము కాదు. శివరాత్రికి వంశధారలో స్నానమాడి, స్వామిని దర్శించి మరలి వచ్చుట మన తాతల నాటి నుండియు నున్న వాడుక. అయితే ఆ గుడి గోడల మీదను, స్తంభముల మీదను చెక్కియున్న అక్షరముల వైపు తేఱిపాఱ చూచువారు కొద్దిమంది. స్వామికి అఖండదీపము పెట్టుటకై యెవ రేమి దానము చేసిరో ఆ రాళ్లు నేటికిని చెప్పుచున్నవి. తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరము అదియేయని చరిత్రకారులు నిర్ణయించినారు. ఆ రాజులు తమ దానములను రాగిరేకుల మీదను వ్రాయించి, రేకులను ఉంగరమున గ్రుచ్చి, దానిపై ఎద్దు ముద్ర వేయించుచుండిరి. అట్టి రేకులు మన పొరుగున నున్న టెక్కలిలోను దొరకినవి. వ్రాసినది ఆచంద్రార్కము నిలువవలెనని వారి కోరిక.

నేడు నేను చెప్పబూనినది ఇంటిలోని కంప్యూటరుతో ఖాళీ డిస్కు మీద వ్రాయు విద్యను గూర్చి. దానికి ఈ రాళ్ల కథ యేల యని మీ రడుగవచ్చును. వ్రాసినది నిలుపుకొనుట యెట్లు అను ప్రశ్న రాతికిని డిస్కుకును ఒక్కటియే. దానికి మన పూర్వులు కనుగొన్న సమాధానమును మనము మఱచుచున్నాము. ఆ మఱపు వలన మన యిండ్లలో నొక నష్టము జరుగబోవుచున్నది. అందుచేత మొదటి నుండి చెప్పుచున్నాను.

రాయియు రాగియు రాజులకు. పండితులకు, కరణములకు, ఊరివారికి తాటాకే ఆధారము. ఆకును కోసి, ఉడికించి, నీడ నారవేసి, నునుపు చేసి, సమానముగ కత్తిరించి, ఘంటముతో గీయుచుండిరి. ఘంటము గీసిన గీత మొదట కంటికి సరిగా కనబడదు. దీపపు మసియో, ఆకుపసరో రుద్దినప్పుడు ఆ గీతలలో నలుపు నిలిచి అక్షరము తేటపడును. పిదప చిల్లు పొడిచి, త్రాడు దూర్చి, పైనను క్రిందను చెక్కలు పెట్టి కట్టుచుండిరి.

అంత శ్రమపడి వ్రాసినను ఆ యాకు శాశ్వతము కాదు. మన తీరపు తేమగాలికి, చెదలకు, పురుగులకు, తుపానులకు అది కొన్ని తరములకంటె నాగదు. మఱి పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయభట్టు రచించిన భారతము మనకెట్లు దక్కినది? నన్నయ స్వహస్తముతో వ్రాసిన ఆకు ఒక్కటియైనను నేడు లేదు. మనకున్నవన్నియు ప్రతులకు ప్రతులు. ఒక ఆకు శిథిలము కాకమునుపే యెవడో యొక వ్రాయసకాడు దానిని చూచి మఱియొక ఆకు మీద గీసెను. అతని పిదప మఱియొకడు గీసెను. భారతము నిలుచుట తాటాకు బలము వలన కాదు, సకాలమున ప్రతి వ్రాసిన చేతుల వలన.

ప్రతులు అరుదైన గ్రంథముల గతి వేఱు. నన్నెచోడుని కుమారసంభవము చిరకాలము మఱుగుపడి యుండగా, మానవల్లి రామకృష్ణకవిగారు దానిని కనుగొని 1909లో అచ్చు వేయించిరి. ఏదో యొక మూల మిగిలిన వ్రాతప్రతియు నశించి యుండినచో, అట్టి కవి యుండెనని నేడు చెప్పుకొనువారే యుండరు. అంతకు చాల ముందే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర (1798–1884) కడపలో నుండగా, తన ధనము వెచ్చించి పండితులను, వ్రాయసకాండ్రను కూర్చి, తాటాకు గ్రంథములను కాగితము మీది కెక్కించెను. వేర్వేరు ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి పాఠమును సరిచూపించెను. ప్రతి వ్రాయుట యెంత ముఖ్యమో, దానిని సరిచూచుటయు నంత ముఖ్యమని ఆయన యెఱుగును.

రాతికి సయితము ప్రతి కావలసి వచ్చినది. శాసనపరిశోధకులు రాతిపై తడికాగితము నద్ది, సిరా పూసి ప్రతిబింబము తీయుదురు. ముఖలింగ శాసనములును, శ్రీకూర్మ శాసనములును ఆ విధముగానే కాగితమున కెక్కి, దక్షిణ భారత శాసనముల ఐదవ సంపుటమున అచ్చుపడినవి. ముఖలింగమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆ గుడి శాసనముల లిపిని స్వయంకృషితో చదువ నేర్చిరి. చదువువాడు లేనిచో రాయి యున్నను లేనట్లేగదా!

ఇక డిస్కు సంగతికి వత్తము. హాలండు దేశపు ఫిలిప్స్ సంస్థయు, జపాను దేశపు సోనీ సంస్థయు కలసి రూపొందించిన కాంపాక్ట్ డిస్కు, అనగా మనము సీడీ యనునది, 1982లో జపానున అమ్మకమునకు వచ్చెను. అది మొదట సంగీతము వినుటకు మాత్రమే. కార్ఖానాలో నొత్తి పంపినదే గాని యింటిలో వ్రాయదగినది కాదు. 1988లో జపానునందలి తైయో యూడెన్ సంస్థవారు కొనినవాడే వ్రాసికొనదగిన ఖాళీ డిస్కును వెలువరించిరి. మొదట వ్రాయు యంత్రమును, డిస్కును మిక్కిలి వెల గలవిగా నుండెను. 1990ల చివరకు వెలలు తగ్గి, ఆ యంత్రము ఇండ్ల కంప్యూటరులలో చేరెను. అంతవఱకు వాడుకలో నుండిన ఫ్లాపీలో 1.44 మెగాబైట్లు మాత్రమే పట్టును. సీడీలో 700 మెగాబైట్లు పట్టును. అనగా ఒక డిస్కు దాదాపు 480 ఫ్లాపీల పెట్టు. కవిత్రయ భారతము మొత్తమును ఒక్క డిస్కు మీద పలుమాఱులు వ్రాయవచ్చును.

ఆ వ్రాత యెట్లు జరుగునో వినుడు. డిస్కు 12 సెంటీమీటర్ల వెడల్పును, 1.2 మిల్లీమీటర్ల మందమును గల పారదర్శకమైన ప్లాస్టిక్కు బిళ్ల. దానిపై నొక రంగు పూత. ఆ పూతపై అద్దమువలె మెఱయు లోహపు పొర. దానిపై రక్షణకై మఱియొక పలుచని పూత. ఖాళీ డిస్కునందు లోపలి నుండి వెలుపలికి చుట్లు చుట్లుగా పోవు గాడి ముందే యుండును. ఆ చుట్లు ఎంత దగ్గఱ యనగా, తలవెండ్రుక మందములో నలువది చుట్ల వఱకు పట్టును. గాడిని విప్పి పఱచినచో 5 కిలోమీటర్లకు మించును. లేసరు అను సన్నని వెలుగు ఆ గాడి వెంట నడచుచు, వలసిన చోట రంగును వేడిచేసి మార్చును. మాఱిన చోట చదువు వెలుగు మందముగా తిరిగివచ్చును. మాఱని చోట ప్రకాశముగా తిరిగివచ్చును. ఈ భేదమును బట్టియే యంత్రము అక్షరములను, బొమ్మలను, పాటలను చదువుకొనును. వేడితో వ్రాయుట చేతనే ఇంగ్లీషువారు దీనిని కాల్చుట యనిరి. పూర్వము ఘంటమును, మసియు కలసి చేసిన పనిని ఇచ్చట ఒక్క వెలుగే చేయుచున్నది.

తొలినాళ్లలో నిండు డిస్కు వ్రాయుటకు గంటకు పైగా పట్టుచుండెను. వ్రాయసకాడు అలసినచో ఘంటము దించి, మరల నెత్తికొనును. లేసరుకు ఆ సౌకర్యము లేకుండెను. కంప్యూటరు నుండి వచ్చు సమాచారము నడుమ క్షణకాలము తెగినను డిస్కు చెడిపోవుచుండెను. 2000 ప్రాంతమున సాన్యో సంస్థవారు ఆగిన చోటి నుండి మరల వ్రాయు నుపాయమును తెచ్చిన పిదప ఆ బాధ తగ్గెను. కరెంటు పోయినప్పుడు మాత్రము పల్లెలలో డిస్కులు చెడుచునే యుండెను.

ఇట్లు వ్రాసినది ఎంతకాలము నిలుచును? ఇదియే మనము గుర్తింపవలసిన సంగతి. ఆ రంగు పూత ఎండకు, వేడికి, తేమకు క్రమముగా చెడును. పైపూత పలుచనిది గనుక, పేరు వ్రాయు వైపున గీత పడినచో లోహపు పొరయే లేచిపోవును. అదియునుగాక, డిస్కు చక్కగా నున్నను చదువు యంత్రము లేనిచో లాభము లేదు. నేటి కంప్యూటరులలో పెక్కింటికి ఆ యంత్రమే లేదు. లిపి తెలియనివాని చేతిలోని శాసనమువలె డిస్కు మూగపోవుచున్నది.

పెద్ద సంకల్పములకును ఈ నియమము తప్పదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారమును పొందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకములను కంప్యూటరున కెక్కింపవలెనని 2000 తరువాతి సంవత్సరములలో తలపెట్టిరి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మొదలగు సంస్థలు ఆ పనిలో పాల్గొనినవి. వేలకొలది తెలుగు పుస్తకముల పుటలు బొమ్మలుగా తీయబడి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను పేర అందఱికిని లభ్యమాయెను. 2017 ప్రాంతమున ఆ నిలయము మూతపడెను. అప్పటికే చాల పుస్తకములకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను వేఱొక గ్రంథాలయమున ప్రతులు చేరియుండుటచేత, వానిని మనము నేటికిని చదువగలుగుచున్నాము. నన్నయ భారతమును కాపాడిన ధర్మమే వీనిని కాపాడినది.

ఇక మన యిండ్లకు వత్తము. 2000 మొదలు పదిహేనేండ్ల పాటు మన యూళ్లలో ఏ పెండ్లి జరిగినను ఫొటో స్టూడియోవారు ఒక డిస్కు చేతి కిచ్చుచుండిరి. కొత్తమ్మతల్లి జాతరలు, తప్పెటగుళ్ళు, జముకుల కథలు, చనిపోయిన పెద్దల మాటలు ఎన్నియో ఆ వెండిబిళ్లలలో నున్నవి. అవి బీరువాలలోను, ట్రంకుపెట్టెలలోను పడియున్నవి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మన జిల్లాను తాకినప్పుడు పైకప్పులు లేచి, పెట్టెలు తడిసిన సంగతి మీకు జ్ఞాపకమే. ఇంటిలో ఒక్కటే ప్రతి యుండుటలో గల అపాయము నాడు చాలమందికి తెలిసినది.

కావున నా మనవి యిది. ఈ పండుగకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఆ డిస్కులను బయటికి తీయింపుడు. అంచు పట్టుకొని తీయవలెను, ఎండలో నుంచరాదు, బాల్‌పెన్నుతో దానిపై గట్టిగా వ్రాయరాదు. చదువు యంత్రమున్న చోటికి పంపి, రెండు ప్రతులు చేయింపుడు. ఒకటి ఇంటిలోను, మఱియొకటి పొరుగూరిలోని బిడ్డల యింటను ఉండవలెను. ప్రతి సరిగా వచ్చినదో లేదో, మొదలు నుండి తుది వఱకు చూచిన పిదపనే పాతదానిని ప్రక్కకు పెట్టవలెను. మరల కొన్నేండ్లకు ఈ పనియే చేయవలెను.

ఇంకొక పని యున్నది. అది మీరు తప్ప మఱెవ్వరును చేయలేనిది. తాటాకు గ్రంథము చివర వ్రాయసకాడు సంవత్సరము, మాసము, తిథి వేసి తన పేరు వ్రాయుచుండెను. డిస్కు చివర అట్టి మాట లేదు. బొమ్మలోని ఆ ముసలమ్మ యెవరో, జముకు వాయించు ఆ గాయకుడు ఏ యూరివాడో యంత్రము చెప్పలేదు. మనుమని ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క ముఖమును చూచి పేరు చెప్పి, ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. వెలుగు వ్రాసిన దానికి మీ నోటిమాట చేరినప్పుడే ఆ ప్రతి పూర్తియగును. మీరు చూచి గుర్తుపట్టగలిగిన యీ కాలము దాటిపోక మునుపే ఈ పని జరుగవలెనని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.