చైనా మాల్: ఒక తిట్టు వెనుక కథ

మా కరీంనగరులో ఏదైనా వస్తువును తీసిపారేయాలంటే రెండు మాటలు చాలు: "చైనా మాల్". దానికి తోడుగా ఉర్దూ నానుడి ఒకటి సిద్ధంగా ఉంటుంది: "చలే తో చాంద్ తక్, నహీ తో శామ్ తక్". నడిస్తే చందమామ దాకా, లేకుంటే సాయంత్రం దాకా అని. ఈ మాటను నేనూ లెక్కలేనన్నిసార్లు వాడాను. వాడినప్పుడల్లా నా మనసులో మెదిలింది ఒకే ఒక్క బండి. 2008లో మా చిన్నబాపు కొన్న ఎలక్ట్రిక్ స్కూటరు. ఆ బండి విషయంలో నా తీర్పు ఎంతవరకు న్యాయమో తేల్చుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ టపా అందుకే.

చిన్నబాపు బడిపంతులుగా పదవీ విరమణ చేసి మంకమ్మతోటలో ఇల్లు కట్టుకున్నాడు. మోకాళ్ళ నొప్పులవల్ల గేర్ల బండి ఆయనకు పనికిరాదు. దుకాణదారు మూడు సంగతులు చెప్పాడట: పెట్రోలు అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు. మూడూ నిజాలే. మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉంటే చట్టం దానిని మోటారు వాహనంగా లెక్కించదు. 2006 నుంచి ఇటువంటి బండ్లు మన దేశంలో కనబడసాగాయి. చాలావాటికి మోటారు, కంట్రోలరు, పైడొప్పలు చైనానుంచి పెట్టెల్లో వచ్చేవి. ఇక్కడ బిగించి, ఇక్కడి పేరు అంటించి అమ్మేవారు. చిన్నబాపు బండీ ఆ కోవలోదే.

మొదటి వానాకాలం, చలికాలం బాగానే గడిచాయి. వెనుక చిన్నమ్మ, ముందు కూరగాయల సంచి, అప్పుడప్పుడు కాళ్ళ దగ్గర గ్యాస్ సిలిండరు. రెండో వేసవి వచ్చేసరికి టవర్ సర్కిల్ దాకా పోయి రావడమే గండమైంది. మే నెలలో ఒక మధ్యాహ్నం అలుగునూరు వంతెన మీద అది పూర్తిగా ఆగిపోయింది. మానేరు ఇసుక మీదుగా వచ్చే వడగాలిలో ఆయన దానిని ఇంటిదాకా తోసుకువచ్చి రెండు రోజులు మంచాన పడ్డాడు. అలవాటైన మెకానిక్కు చేతులెత్తేశాడు. "సార్, ఇండ్ల ఇంజనే లేదు, నేనేం ఇప్పాలె?" అన్నాడు. అమ్మిన దుకాణం అప్పటికే మూతపడింది.

నేను కోపంగా, "చైనా మాల్ కొనొద్దంటే ఇంటివా చిన్నబాపూ?" అన్నాను. ఆయన మంచం మీదనుంచే నెమ్మదిగా, "చైనావోడు నాకేమన్న చెప్పిండా, ఇది ఇట్ల నడుస్తదని? చెప్పింది మనోడే గద" అన్నాడు. ఓడిపోయినవాడి సమర్థన అనుకుని ఆ రోజు నేను ఆ మాటను పట్టించుకోలేదు.

ఆ బండి పుట్టిన చోటును చూద్దాం. చైనా నగరాలలో చాలావాటిలో పెట్రోలు మోటారు సైకిళ్ళపై ఆంక్షలు విధించారు. ఆ ఖాళీలో విద్యుత్ సైకిలు పెరిగింది. 1999లో వచ్చిన అక్కడి జాతీయ ప్రమాణం ప్రకారం దాని వేగం 20 కిలోమీటర్లు, బరువు 40 కిలోలు మించరాదు. 2003లో సార్స్ వ్యాధి వ్యాపించినప్పుడు జనం బస్సులెక్కడానికి భయపడి వీటిని విరివిగా కొన్నారు. చదునైన నగర వీధిలో, ఒక్క మనిషి, ఇంటినుంచి కార్ఖానాకు పోయి రావడం: అది ఆ యంత్రానికి అప్పగించిన పని. కోట్లమందికి ఆ పని చేసిపెట్టింది కూడా.

మా దగ్గర దానికి అప్పగించిన పని వేరు. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాదుల ఎండ ఎటువంటిదో చెప్పనక్కరలేదు. సీసపు బ్యాటరీకి వేడి శత్రువు. ఉష్ణోగ్రత సుమారు పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని ఆ విద్య తెలిసినవారు లెక్కకడతారు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని వెంటనే నింపకుండా వదిలేస్తే పలకలమీద సల్ఫేటు గట్టిపడి అది మళ్ళీ కోలుకోదు. వేసవి కోతలలో కరెంటు మన ఇష్టప్రకారం రాదు. ఒక్కరికని చేసిన బండిమీద ఇద్దరు, ఆపైన సిలిండరు. ఈ సంగతులు అమ్మేటప్పుడు చెప్పినవారు లేరు, కొనేటప్పుడు అడిగినవారమూ లేము.

ఒక దేశం పేరే నాణ్యతకు కొలతగా మారడం కొత్త కాదు. 1930లలో చవక సరుకుకు మారుపేరు జపాను. అక్కడి బట్టలు బ్రిటిష్ ఇండియా అంగళ్ళను ముంచెత్తుతుంటే 1933లో ప్రభుత్వం విదేశీ బట్టపై సుంకాన్ని 75 శాతానికి పెంచింది. బ్రిటన్ బట్టకు మాత్రం మినహాయింపు. యుద్ధం ముగిశాక అదే జపాను, 1950లో డెమింగ్ అనే అమెరికను గణాంక శాస్త్రజ్ఞుణ్ణి పిలిపించుకుని నాణ్యతను ఎలా అదుపు చేయాలో పాఠాలు చెప్పించుకుంది. నా చిన్ననాటికి జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ఊళ్ళకు దుబాయి నుంచి వచ్చే టేప్ రికార్డరు వెనుక 'మేడిన్ జపాన్' అని ఉంటే ఇల్లంతా దానిని దేవుడి పటంలా చూసేది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 ఆ గౌరవాన్ని రోడ్డు మీదికి తెచ్చాయి. యాభై ఏళ్ళలో తిట్టు కాస్తా పొగడ్తగా మారింది.

ఇక మన సొంత ముచ్చట. హైదరాబాదు ఆల్విన్ సంస్థ, లక్నోలోని ప్రభుత్వ రంగ స్కూటర్స్ ఇండియాతో కలిసి 'పుష్పక్' స్కూటరును తెచ్చింది. స్కూటర్స్ ఇండియాది ఇటలీలోని మిలాను నుంచి కొని తెచ్చిన లాంబ్రెట్టా యంత్రాగారం. అంటే పుష్పక్ రక్తంలో ఉన్నదీ ఇటలీయే. అయినా జనం బజాజ్ చేతక్ కోసం ఏళ్ళ తరబడి వరుసలో నిలబడేవారు. నాకు గుర్తున్నంతలో, ఎవరింట్లోనైనా పుష్పక్ కనిపిస్తే "చేతక్ దొరకలేదా?" అని జాలిగా అడిగేవారు. చేతక్ చెడిపోతే ప్రతి చౌరస్తాలో బాగుచేసేవాడున్నాడు, భాగాలున్నాయి. మనం నాణ్యత అనుకున్నదానిలో సగం ఆ మెకానిక్కే.

చైనా మోటారు సైకిళ్ళ కథలోనూ ఇదే నీతి కనబడుతుంది. చొంగ్‌చింగ్ నగరంలో ఆయుధ కర్మాగారంగా ఉన్న చియాలింగ్, 1980ల తొలినాళ్ళలో హోండాతో చేతులు కలిపింది. హోండా సీజీ 125 అనే బండిని బీద దేశాల దారులకోసం, బరువులు మోసి నూనె మార్చడం మరిచిపోయేవారికోసం ప్రత్యేకంగా రూపొందించారు. దానికి నకళ్ళు చైనాలో పుట్టగొడుగుల్లా మొలిచాయి. 2000, 2001లలో అవి వియత్నాంను ముంచెత్తాయి. హోండా బండి ధరలో మూడో వంతుకే దొరుకుతుంటే ఎవరు ఆగుతారు? కొద్దికాలానికే వాటిపేరు చెడింది. అయితే హోండా చేసిన పని గమనించదగినది. 2001లో నకళ్ళు తయారుచేసే ఒక చైనా సంస్థతోనే పొత్తు పెట్టుకుంది. 2002లో చైనా భాగాలను కూడా వాడి, ధర బాగా తగ్గించి, 'వేవ్ ఆల్ఫా'ను వియత్నాంలో విడుదల చేసింది. మార్కెట్టు తిరిగి హోండా చేతికొచ్చింది. అదే దేశపు భాగాలు. మారినదల్లా వాటిని పరీక్షించి తీసుకునే చెయ్యి.

ఇవన్నీ పుస్తకాల ముచ్చట్లుగా మిగిలిపోయేవి, 2022 రాకపోతే. ఆ ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ళ పెద్దాయన మరణించాడు. కొద్ది రోజులకే విజయవాడలో, బండి కొన్న మరునాడే, పడకగదిలో బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణం పోయింది. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. అప్పుడూ మా ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట: చైనా మాల్.

లిథియం సెల్స్ చాలావరకు అక్కడినుంచే వస్తాయన్నది నిజమే. కాని ప్రపంచంలోని విద్యుత్ కార్లలో ఎన్నో అదే దేశపు సెల్స్‌తోనే నడుస్తున్నాయి. కేంద్రం నియమించిన నిపుణులు సెల్స్‌తో పాటు బ్యాటరీ ప్యాకు రూపకల్పనలోనూ లోపాలను ఎత్తిచూపారు. ఏ సెల్‌ను ఏరుకోవాలి, వాటిని ఎలా పేర్చాలి, వేడిని కనిపెట్టి కరెంటును ఆపే వ్యవస్థకు ఎంత ఖర్చు పెట్టాలి అన్నవి ఇక్కడ కూర్చునే నిర్ణయిస్తారు. బ్యాటరీ భద్రతా నియమాలను కఠినం చేసి 2022 డిసెంబరు, 2023 మార్చిలలో రెండు విడతలుగా అమలులోకి తెచ్చారు. ఆ నియమాలు ముందే ఉంటే అన్న ప్రశ్నకు చైనాలో జవాబు దొరకదు.

2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు అమరుడైనప్పుడు మనకు కలిగిన బాధ, కోపం వేరు. అవి న్యాయమైనవి. కాని ఆ కోపాన్ని నాణ్యతకు తూకపురాయిగా వాడితే లెక్క తప్పుతుంది. 1911లో పుట్టిన ఇటలీ బెనెల్లి 2005 నుంచి చైనా సంస్థ సొత్తు. 2018 నుంచి హైదరాబాదుకు చెందిన ఒక సంస్థే ఆ బండ్లను మన దేశంలో అమ్ముతున్నది. వాటిని ఎవరూ చైనా మాల్ అనరు. ఇటలీ బండి అంటారు. తిట్టవలసిందని కాదు. మన తూకం ఎంతవరకు పేరు మీద ఆధారపడి ఉందో చెప్పడానికే.

"చైనా మాల్" అనగానే నేరం సముద్రాలు దాటి వెళ్ళిపోతుంది. చవకలో చవకైన రకం కావాలని అడిగిన దిగుమతిదారు, పరీక్షించకుండా ముద్ర వేసినవాడు, భాగాలు నిలవ ఉంచకుండా అమ్మినవాడు, ధర తప్ప మరొకటి అడగని మనమూ, అందరమూ ఆ ఒక్క మాట చాటున దాక్కుంటాము.

చిన్నబాపు ఆ బండికి మరో జత బ్యాటరీలు వేయించాడు. అవి మన దేశంలోనే తయారైనవి. ఏడాది కూడా నిలవలేదు. చివరికి పాత ఇనుముకు అమ్మిన రోజు నేను అక్కడే ఉన్నాను. తుక్కు కొనేవాడు బండిని పక్కకు పడవేసి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పాడు. లోపల మోటారుతో సహా అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. "మోటర్ మంచిగనే ఉన్నది సార్" అన్నాడు. చిన్నబాపు నా వైపు చూశాడు గాని ఏమీ అనలేదు.