బలికీ త్యాగానికీ మధ్య: గెలీలియో నౌకలో స్పాక్ నిర్ణయాలు

ఇంగ్లీషువారు 'శాక్రిఫైస్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకు రెండు మాటలున్నాయి. తన ప్రాణం తాను వదులుకుంటే త్యాగం. మరొకరి ప్రాణం అప్పగిస్తే బలి. సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో కమాండర్ల నిర్ణయాలను ఈ తేడాతో చూస్తేనే అసలు చిక్కు తెలుస్తుందని నా వాదన. 1967 జనవరి 5న అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారం చేసిన 'స్టార్ ట్రెక్' ఎపిసోడ్ 'ది గెలీలియో సెవెన్' ఇందుకు ఆధారం.

ఏడుగురితో బయలుదేరిన గెలీలియో అనే చిన్న నౌక టారస్ 2 గ్రహం మీద కూలుతుంది. కమాండర్ స్పాక్. బరువు తగ్గాలంటే ముగ్గురు అక్కడే ఉండిపోవాలి. ఎవరన్నది తర్కంతో తానే తేలుస్తానంటాడు. చీట్లు వేద్దామన్న సిబ్బందిలోని బోమా సూచనను తోసిపుచ్చుతాడు. ఎవరి నైపుణ్యం ఎంత అవసరమో చీటీకి తెలియదు కాబట్టి, లెక్కగా చూస్తే స్పాక్ మాటే సరైనది. అయితే చీట్లలో కమాండర్ పేరు కూడా ఉంటుంది. సిబ్బంది కోపానికి మూలం ఇక్కడే ఉంది. తమను లెక్కపెట్టే మనిషి ఆ లెక్కలో ఉన్నాడో లేడో వాళ్లకు తెలియదు.

తర్వాత జరిగేదాన్ని విమర్శకులు ఇంకా లోతుగా చూడాలి. గ్రహవాసుల దాడిలో స్పాక్ బండకింద ఇరుక్కుంటాడు. తనను వదిలి వెళ్లిపొమ్మని ఆజ్ఞాపిస్తాడు. తన లెక్కలో తనకు మినహాయింపు లేదని అప్పుడు రుజువవుతుంది. అంతవరకు బలిలా కనిపించినది ఆ క్షణంలో త్యాగమైంది. సిబ్బంది ఆ ఆజ్ఞ వినరు, అతన్ని లాగి తెస్తారు. కాలం వృథా చేశారని స్పాక్ మందలిస్తాడు.

చివరికి నౌక పైకి లేచాక మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలి మండిస్తాడు. తర్కం ఓడి హృదయం గెలిచిందనే వ్యాఖ్యానాన్ని నేను ఒప్పుకోను. వేరే దారేదీ లేనప్పుడు ఆ తెగింపే తర్కమని స్పాక్ స్వయంగా సమర్థించుకుంటాడు. అయినా ఆ మంట కనబడడానికి మరో కారణం ఉంది. మరో చోటికి మందులు చేరవేయాల్సిన గడువు ముంచుకొచ్చి వెతుకులాట ఆపేసినా, కెప్టెన్ కిర్క్ మూలనౌక ఎంటర్‌ప్రైజ్‌ను కావాలనే నెమ్మదిగా నడిపించాడు. వెతకడం ఆపమన్న ఆజ్ఞను అక్షరాలా పాటించాడు, ఆశ మాత్రం వదులుకోలేదు.

ఇదే తేడాను మరోచోట చూద్దాం. 1994లో వచ్చిన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' ఎపిసోడ్ 'దైన్ ఓన్ సెల్ఫ్'లో కమాండర్ పదవి కోసం నౌకాధికారిణి ట్రాయ్ పరీక్షకు సిద్ధపడుతుంది. సహచరుడు జోర్డీ కృత్రిమ రూపాన్ని చావుకు పంపితేనే ఉత్తీర్ణత. అది బలి ఇవ్వగల గట్టితనాన్ని కొలిచింది. తానే వెళ్లగలదా అన్నది కొలవలేదు. అందుకే ఆ పరీక్ష అసంపూర్ణం.

గెలీలియోలో బయలుదేరిన ఏడుగురిలో ఐదుగురే ఎంటర్‌ప్రైజ్‌కు తిరిగొచ్చారు. లాటిమర్, గెయిటానో టారస్ 2 మీదే మిగిలిపోయారు.