సోనారి 'రావు'లు: ఒక గౌరవ పదం ఇంటిపేరు స్థానంలోకి వచ్చిన తీరు

జంషెడ్‌పూర్‌కు పడమటి కొసన, సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే దోముహానీ పక్కన ఉన్న పేట సోనారి. ఇక్కడా, దీన్ని ఆనుకుని ఉన్న కద్మాలోనూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. మూడో తరం, నాలుగో తరం పిల్లల పేర్లు చూస్తే చివర 'రావు' తరచుగా కనిపిస్తుంది. మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకూ అదే. ఇరుగుపొరుగు బెంగాలీ, బిహారీ, ఒడియా కుటుంబాల దృష్టిలో 'రావు' అంటే తెలుగువాళ్ల ఇంటిపేరు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఉన్న దాయాదుల్ని అడిగితే మాత్రం వాళ్లు చెప్పే ఇంటిపేరు వేరు. ఒకే వంశపు కొమ్మలు రెండు చోట్ల రెండు పేర్లతో సాగడానికి కారణమేమిటన్నదే ఈ వ్యాస విషయం. నా వాదన ఇది: 'రావు'ను ఇంటిపేరుగా మార్చినవి హాజరు పట్టీలూ దరఖాస్తు ఫారాలూ, కుటుంబాలు దానికి తరువాత అలవాటుపడ్డాయి.

సంస్కృత 'రాజ' శబ్దం ప్రాకృతంలో 'రాయ' అయింది. తెలుగులోని రాయలు, రాయడు, రావు ఆ కుదురులోనివే. మరాఠీ దేశంలో బాజీరావు, మాధవరావు అని పేరు చివర చేరింది. ఉత్తరాదిన పేరుకు ముందు వచ్చింది. 1857 తిరుగుబాటులో పోరాడిన రేవాడీ నాయకుడు రావ్ తులారామ్ ఇందుకు సాక్షి. ఆంగ్ల ప్రభుత్వం రావు సాహెబ్, రావు బహదూర్ బిరుదులిచ్చింది. కందుకూరి వీరేశలింగం రావు బహదూర్ అయినది 1893లో. తెలుగునాట మొదట కరణాల ఇళ్లలోనూ, దొరల ఇళ్లలోనూ మర్యాదగా పేరు చివర నిలిచిన ఈ మాట ఇరవయ్యో శతాబ్దంలో అందరికీ అందింది. ఉత్తరాంధ్రలో అప్పారావు, తాతారావు, కృష్ణారావు అనే పేర్లు విని ఫలానా కులమని చెప్పలేం. అంటే మనవాళ్లు జంషెడ్‌పూర్‌కు వలస వెళ్లేనాటికే ఈ మాట ఏ ఒక్క వంశానికీ చెందనిదిగా ఉంది.

తెలుగు పేరు నిర్మాణం కూడా ముఖ్యం. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. ఇంటిపేర్లలో చాలా వరకు ఊళ్ల పేర్లు: గురజాడ అప్పారావు ఇంటిపేరు కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామానిది. గౌరవ పదం పెట్టిన పేరుకు తోక. అది తండ్రి నుంచి కొడుక్కి రావాలన్న నియమమేమీ లేదు. ఈ లక్షణం చాలా పాతది. కాకతీయుల నాటి శాసనాలను పరిశీలించిన చరిత్రకారిణి సింథియా టాల్బట్, నాయక వంటి పదాలు పుట్టుకతో కంటే హోదాతో, కొలువుతో సంపాదించుకునేవిగా ఉండేవని చూపారు. తండ్రి సూరయ్య, కొడుకు అప్పారావు, మనవడు రమణమూర్తి కావడం మన పల్లెల్లో మామూలు విషయం.

ఈ పద్ధతి తెలియని చోటికి మనవాళ్లు వెళ్లారు. 1890లలో తూర్పు కోస్తా రైలు మార్గం పడ్డాక విశాఖపట్నం, గంజాం జిల్లాల కూలీలకు ఖరగ్‌పూర్ మీదుగా ఉత్తరానికి దారి తెరుచుకుంది. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912లో సాక్చీ కర్మాగారంలో మొదటి ఉక్కు తయారైంది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. తొలితరం వలసదారులు బయలుదేరేనాటికి శ్రీకాకుళం జిల్లాయే లేదు, అది 1950లో ఏర్పడింది. అందుచేత పాత కాగితాల్లో వెతికేవారు విశాఖపట్నం, గంజాం పేర్ల కిందే చూడాలి.

మార్పు ఎలా జరిగిందో ఒక కల్పిత ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. ఊళ్లో గేదెల అప్పారావు అనే మనిషి ఉన్నాడు. తెలుగు లిపిలో 'అప్పారావు' ఒకే మాట. కంపెనీ గుమాస్తా దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి దించేటప్పుడు 'అప్పా' అని రాసి, కాస్త జాగా వదిలి 'రావు' అని రాశాడు. గేదెల కాస్తా 'జి' అనే పొడి అక్షరమైంది. ఆ జాగాలోనే అంతా ఉంది. సింగ్, దాస్, మహతో, చటర్జీ అన్నిటినీ పేరు చివరే చూసిన కంటికి చివరి మాటే వంశనామం. కొడుకు బడిలో చేరినప్పుడు జి. మోహన్ రావు అయ్యాడు. ఉద్యోగి బిడ్డగా కంపెనీలో నమోదు కావాలన్నా, క్వార్టరులో ఉండాలన్నా, ఆసుపత్రిలో చూపించుకోవాలన్నా తండ్రీకొడుకుల పేర్లలో పొంతన ఉంటే సులువు. ఆ సులువు తెలిశాక మనవడు రోహిత్ రావు, మనవరాలు ప్రియా రావు అయ్యారు. పొడి అక్షరమూ పోయింది.

ఊరి వాడుక కూడా దీనికి తోడైంది. జంషెడ్‌పూర్‌లో వంశనామాన్ని 'టైటిల్' అంటారు. బడిలో మాస్టారు "టైటిల్ క్యా హై?" అని అడిగితే పిల్లవాడు ఏదో ఒకటి చెప్పాలి. గురుగుబెల్లి అంటే అటువైపు నోరు తిరగదు. రావు అంటే ఎవరికైనా తిరుగుతుంది.

ఇది సోనారికే పరిమితమైన సంగతి కాదు. చదువుకున్నవారి విషయంలోనూ ఇదే జరిగింది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు ఇంటిపేరు కల్యంపూడి. 1945లో కలకత్తాలో అచ్చయిన ఆయన పరిశోధన ఫలితం ప్రపంచమంతటా 'క్రామర్–రావు' పేరుతో ప్రసిద్ధం. స్వీడన్ పండితుడి వంశనామం పక్కన మన పండితుడి గౌరవ పదం నిలిచింది. భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు, 1925 నాటి 'ఫిస్క్–సుబ్బారో' పద్ధతిలో పెట్టిన పేరుతోనే మిగిలాడు. ఒక శిలీంధ్ర ప్రజాతికి 'సుబ్బారోమైసిస్' అని పేరు పెట్టినప్పుడూ యల్లాప్రగడ పక్కకే పోయింది. పాములపర్తి వేంకట నరసింహారావు మనకు పీవీ, ఇంగ్లీషు పత్రికలకు రావు.

పేరుకూ వంశానికీ ఉన్న సంబంధం తెలుసుకోవడానికి ఇంగ్లండు చరిత్ర బాగా పనికొస్తుంది. అక్కడ వంశనామాలు నార్మన్ల రాక తరువాత మూడు నాలుగు శతాబ్దాలకు గానీ సామాన్యుల్లో స్థిరపడలేదు. 1377 నుంచి వచ్చిన తలపన్ను పట్టీలు, 1538 నుంచి మొదలైన చర్చి రిజిస్టర్లు వాటిని కాగితం మీద నిలిపాయి. అక్కడా గుమాస్తా కలం ప్రమేయం ఉంది. ఆ పేర్లన్నీ ఒక తీరువి కావు. సైక్స్ అనేది యార్క్‌షైర్‌లో వాగు పేరు మీద పుట్టిన వంశనామం. జన్యు శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన సైక్స్ పురుషుల్లో సగానికి దగ్గరగా, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ ఒకే రకంగా కనిపించింది. కమ్మరి వృత్తిని తెలిపే స్మిత్ సంగతి వేరు. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ జరిపిన పరిశోధనలో స్మిత్‌ల మధ్య ఆ పేరు వల్ల ప్రత్యేకమైన రక్తసంబంధం తేలలేదు. ఊరూరా కమ్మరి ఉన్నాడు గనుక పేరు ఊరూరా విడిగా పుట్టింది. నా అంచనాలో మన 'రావు' స్మిత్ లాంటిది. గేదెల, గొర్లె, గొండు వంటి ఇంటిపేర్లు సైక్స్ కోవకు దగ్గరగా ఉంటాయి. వంశచరిత్రకు పనికొచ్చే పేరే కాగితం నుంచి జారిపోతున్నదన్నది నా బాధ.

అయితే ఇంటిపేరు పూర్తిగా పోలేదు. పెళ్లి దగ్గర అది తిరిగి బయటికి వస్తుంది. ఒకే ఇంటిపేరువాళ్లు అన్నదమ్ముల వరస, సంబంధం కలుపుకోరు. ఇద్దరూ రావులే అయినప్పుడు ఆ మాటతో వరస తేలదు గనుక, పెద్దలు ముందు ఇంటిపేరు, గోత్రం, స్వగ్రామం అడుగుతారు. పసుపు రాసిన శుభలేఖలో తెలుగు వైపు ఇంటిపేర్లు నిండుగా ఉంటాయి. హిందీ, ఇంగ్లీషు వైపు రెండు కుటుంబాలూ రావులే. మరొక విశేషం: మన సంప్రదాయంలో పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. సోనారిలో ఒక రావు అమ్మాయి మరో రావు ఇంటి కోడలైతే ఆధార్ కార్డు మీది పేరులో అక్షరం కూడా మారదు. ఆమె వంశం మారిందన్న సంగతి ఏ ప్రభుత్వ కాగితమూ చెప్పదు. నూరేళ్ల తరువాత ఈ కుటుంబాల చరిత్ర రాయబోయేవారికి ఆడవాళ్ల పుట్టింటి జాడ దొరకడం ఎంత కష్టమో దీన్ని బట్టి ఊహించవచ్చు.

పొడి అక్షరాన్ని నమ్ముకోవడమూ కుదరదు. 'జి' అంటే గేదెల కావచ్చు, గొర్లె, గొండు, గురుగుబెల్లి కూడా కావచ్చు. అది విప్పి చెప్పగల తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. రావు అన్న పేరును వదులుకోమని నేననను. మూడు తరాలు మోసిన పేరు అది, ఆ పిల్లలదే. కానీ బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్ వంటి సంస్థలు ఇళ్లలో దాచిన పాత శుభలేఖలను, కర్మకాండల పత్రికలను సేకరించి, ఒక్కో కుటుంబానికి ఇంటిపేరు, గోత్రం, స్వగ్రామం, వచ్చిన ఏడు రాయించి ఒక పుస్తకంగా భద్రపరచాలి. సోనారిలో ఈ వ్యాసం చదివేవారు ఈ వారమే మీ ఇంటి పెద్దల్ని అడిగి, ఆ పొడి అక్షరం వెనక ఉన్న పూర్తి పేరును తెలుగులో రాసి పెట్టుకోండి.