సముద్రగుప్తుని ఒడిలోని వీణ

మా అనకాపల్లిలోని ఒక పాఠశాలవారు వార్షికోత్సవానికి పిల్లలచేత చారిత్రక వేషధారణ చేయించదలచారు. అక్కడ సాంఘికశాస్త్రం బోధిస్తున్న నా పూర్వ విద్యార్థిని ఒకనాటి సాయంకాలం మా ఇంటికి వచ్చింది.

"మాస్టారూ! శంకరం కొండ మన ఊరి పక్కనే ఉంది కదా, ఆ కాలపు వేషాలు వేయిద్దామనుకున్నామండీ. సముద్రగుప్తుడి వేషం వేసే పిల్లవాడికి వీణ కావాలి. మీకు తెలిసినవారింట బొబ్బిలి వీణ ఏదైనా ఉంటే ఒక్కపూటకి ఇప్పిస్తారా?" అని అడిగింది.

ఆ మాటకు నాకు సమాధానం వెంటనే రాలేదు. ఏమంటే, సుమారు ముప్పయి సంవత్సరాల క్రితం నేనూ సరిగ్గా ఆ పనే చేశాను. అప్పటి మా పాఠశాలలో సముద్రగుప్తుని వేషానికి ఒక గృహస్థును బతిమాలి వీణ తెచ్చి, చిన్న పిల్లవాని ఒడిలో పెట్టించాను. అభ్యాసం జరుగుతుండగా ఏడవ తరగతి బాలుడొకడు పాఠ్యపుస్తకం పట్టుకొని నా వద్దకు వచ్చాడు. అందులోని నాణెం బొమ్మ చూపి, "మాస్టారండీ, ఈ రాజు చేతిలోది విల్లులాగ వంగి ఉందండి. మనది అలా లేదేమండి?" అన్నాడు. "నాణెం అరిగిపోయి అలా కనిపిస్తోందిరా. వీణ అంటే వీణే! పో, నీ పని చూసుకో" అని గద్దించాను. తోటి పిల్లలు నవ్వారు. వాడు పుస్తకం మూసుకొని వెళ్లిపోయాడు.

వాడు చెప్పినది నిజమని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందుగా సముద్రగుప్తునికీ మా ఊరికీ గల సంబంధం చెప్పాలి. అనకాపల్లికి సమీపాన ఉన్న శంకరం గ్రామం పేరు 'సంఘారామ' శబ్దానికి తద్భవమని పెద్దలు చెబుతారు. అక్కడి బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద కొండను తొలిచిన స్తూపాలూ, గుహలూ, ఇటుక కట్టడాలూ ఉన్నాయి. 1906లో అలెగ్జాండర్ రీ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలలో లభించిన వస్తువులలో సముద్రగుప్తుని బంగారు నాణెమొకటి ఉన్నది. ఆ చక్రవర్తి దక్షిణ దండయాత్రలో ఓడించి విడిచిపెట్టిన రాజుల పేర్లు అలహాబాదు స్తంభశాసనంలో కనిపిస్తాయి. వారిలో పిష్టపుర మహేంద్రుడు, వేంగి హస్తివర్మలతోపాటు దేవరాష్ట్రాధిపతి కుబేరుడు కూడా ఉన్నాడు. ఈ దేవరాష్ట్రాన్ని చరిత్రకారులు ఎలమంచిలి ప్రాంతంగా గుర్తించారు. 2022లో ఏర్పడిన మా అనకాపల్లి జిల్లాలోనిదే ఆ ఎలమంచిలి. కాబట్టి మా పిల్లలు సముద్రగుప్తుని వేషం వేయడం పరాయి కథను ప్రదర్శించడం కాదు.

అదే శాసనం ఆయనను సంగీతంలో తుంబుర నారదులను సిగ్గుపడజేసినవానిగా స్తుతిస్తుంది. ఆయన వేయించిన నాణేలలో ఒక రకం ఈ స్తుతికి బొమ్మ కట్టినట్లుంటుంది. ఎత్తైన వీపు గల ఆసనం మీద రాజు కాలు మీద కాలు వేసుకొని కూర్చుంటాడు. పైభాగాన వస్త్రం లేదు. మెడలో హారం, చెవులకు కుండలాలు ఉన్నాయి. ఒడిలో వీణ ఉంది. ఆ వీణకు మెట్లు లేవు, పొడవైన దండి లేదు. అది విల్లువలె వంగిన వీణ.

అమరావతి, నాగార్జునకొండ శిల్పాలలోని వీణ కూడా ఇటువంటిదే. క్రిందిభాగం దోనె ఆకారంలో ఉన్న తొట్టె. దానిమీద చర్మం బిగించి ఉంటుంది. దాని కొననుండి ఒక కొమ్మ విల్లులాగ పైకి వంగి లేస్తుంది. తొట్టెకూ కొమ్మకూ నడుమ తంత్రులు వరుసగా కట్టబడి ఉంటాయి. ఒక్కొక్క తంత్రి ఒక్కొక్క స్వరం పలుకుతుంది. భరతుని నాట్యశాస్త్రం ఏడు తంత్రులదానిని 'చిత్ర' అనీ, తొమ్మిది తంత్రులదానిని 'విపంచి' అనీ పేర్కొన్నది. చిత్రను వ్రేళ్లతో, విపంచిని కోణమనే పుల్లతో మీటేవారు. తంత్రి మరీ బిగిసినా, మరీ వదులైనా వీణ పలకదని బుద్ధుడు సోణుడనే భిక్షువుకు ఉపదేశించినది ఇటువంటి వీణను దృష్టిలో ఉంచుకొనే అయి ఉండాలి.

నేను మోసపోయినది ఇక్కడే. భరతుని చిత్రవీణకు ఏడు తంత్రులు. మన నేటి వీణకూ ఏడే తంత్రులు: వాయించేవి నాలుగు, ప్రక్కన తాళశ్రుతులకు మూడు. పేరు ఒకటే, సంఖ్య ఒకటే. ఇక వస్తువు మాత్రం వేరెందుకు అవుతుందని అనుకున్నాను. మాటలనే నమ్ముకొని చదువుకున్నవాళ్లం మేము. నిఘంటువులో 'వీణ', 'వల్లకి', 'విపంచి' పర్యాయపదాలని వల్లించాము. శబ్దం నిలిచి ఉండగానే దాని అర్థం కాలంతో మారిపోతుందని అన్నం, చీర వంటి మాటల విషయంలో పిల్లలకు పాఠం చెప్పిన నేనే వీణ దగ్గర ఆ సంగతి మరచాను. ఆ బాలునికి నిఘంటువు తెలియదు. కంటితో చూసినది చెప్పాడు.

విల్లువీణ క్రమంగా మన దేశంలో దాదాపుగా కనుమరుగైంది. తమిళుల ప్రాచీన 'యాళ్' కూడా ఆ జాతిదే. అదీ ఆచరణలో మిగలలేదు. అయితే ఒకప్పుడు మన ఉత్తరాంధ్రవారు ఓడలెక్కి పొట్టకూటికి వెళ్లిన రంగం దేశంలో, అంటే బర్మాలో, 'సౌంగ్' అనే పేరుతో దాని సోదరి నేటికీ మ్రోగుతున్నది. ఇక్కడ దాని స్థానాన్ని దండివీణలు, మెట్లున్న కిన్నరులు ఆక్రమించాయి. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో వీణమీద మెట్ల అమరికను చర్చించాడు. ఇరవైనాలుగు మెట్లు స్థిరంగా ఉండే నేటి వీణను 17వ శతాబ్ది ప్రథమార్ధంలో తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలానిదిగా చెబుతారు. పనసకర్రతో చేసే మన బొబ్బిలి వీణ ఈ సంతతిదే. సముద్రగుప్తునికీ దానికీ నడుమ పన్నెండు వందల సంవత్సరాల దూరం ఉన్నది.

ఇతర వేషాలు వేయించేవారికి కూడా ఈ లెక్క పనికివస్తుంది. 1757 నాటి బొబ్బిలి ఘట్టానికి నేటి వీణ తగినదే కాని, వయొలిన్ తగదు. కర్ణాటక సంగీతంలో దానిని ప్రవేశపెట్టిన ప్రముఖునిగా చెప్పే బాలుస్వామి దీక్షితులు పుట్టినదే 1786లో. హార్మోనియం 1840వ దశకంలో పారిస్‌లో రూపుదిద్దుకొన్నది. నేల మీద కూర్చొని వాయించే చేతిపెట్టె ఆ తరువాత కలకత్తాలో తయారైంది. మన పద్యనాటకాలలో శ్రీకృష్ణుడు మొదలు శ్రీకృష్ణదేవరాయల వరకు అందరూ హార్మోనియం శ్రుతి మీదనే రాగాలు తీశారు. అది నాటక సంప్రదాయం, దానిని నేను తప్పుపట్టను. కాని చరిత్ర నేర్పుతామని చెప్పి వేయించే వేషం నాటకం వంటిది కాదు. అక్కడ పిల్లవాని చేతిలో పెట్టిన వస్తువే పాఠం. పుస్తకంలోని వాక్యం మరచినా, ఒడిలో పట్టుకొన్నది వాడు మరువడు.

ఈ సంగతులన్నీ విన్నాక ఆమె, "మరి ఇప్పుడు ఆ వీణ ఎక్కడ దొరుకుతుంది మాస్టారూ?" అన్నది. దొరకదు, చేసుకోవాలి అన్నాను. తాటిదోనె ఆకారంలో అట్టలతో తొట్టె కట్టి పైన గుడ్డ అంటించడం, పచ్చి వెదురుబద్దను సెగ చూపి వంచి కొమ్మగా నిలపడం, ఏడు దారాలు బిగించడం అని నిశ్చయించాము. ఖర్చు స్వల్పం. అది మ్రోగదు కనుక తెరవెనుకనుండి శబ్దం కావాలి. అక్కడ నేటి వీణ రికార్డు వేస్తే చేసిన శ్రమ వృథా. మెట్ల మీద తంత్రిని లాగి పలికించే ఆ గమకం విల్లువీణకు సాధ్యం కాదు. అందుచేత వెదురు పిల్లనగ్రోవి, మద్దెల చాలునన్నాను. ఆ రెండు జాతుల వాద్యాలూ అమరావతి శిల్పాలలో ఉన్నవే.

వెళ్లేముందు ఆమెకు ఒక్కమాట చెప్పాను. "అమ్మా, అభ్యాసంలో ఏ పిల్లవాడైనా వచ్చి 'ఇది ఇలా ఎందుకుంది' అని అడిగితే, తెలిస్తే చెప్పు. తెలియకపోతే ఆ పుస్తకం తీసుకొని నువ్వు కూడా ఒకసారి చూడు."

ఆనాటి బాలుడు ఇప్పుడు నలభై దాటినవాడై ఉంటాడు. ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఈ వ్యాసం వాని కంటబడితే చెప్పవలసిన మాట ఒకటున్నది: నాయనా, ఆ నాణెం అరగలేదు. నువ్వు చూసినదే సరి.