కన్ను బాగుపడినా చూపు రాలేదేం?



మా అమ్మమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ఉండేవి. ఆరేడేళ్లపాటు గోడ పట్టుకుని నడిచిన మనిషి. ఆపరేషన్ అయ్యాక సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని, రెండు నెలలు తిరక్కుండానే బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. మా పిన్ని కొడుకు సంగతి అలా కాలేదు. వాడికి పుట్టుకతోనే ఎడమకంట్లో తెల్లని శుక్లం. కుడికన్ను చక్కగా ఉంది కదా, తొందరేముంది, పిల్లవాణ్ణి కాస్త పెద్దవాణ్ణి కానివ్వండి అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. చివరికి 1962లో, వాడికి ఎనిమిదేళ్లప్పుడు, పట్నం తీసుకెళ్లి చేయించారు. శుక్లం పోయింది. కంటిపాప నల్లగా నిగనిగలాడింది. కానీ మంచికన్ను మూసి, రెండో కంటికి అద్దం పెట్టి, ఎదురుగా వేళ్లు చూపిస్తే ఎన్నో చెప్పలేకపోయాడు. ఆ డాక్టరు చెయ్యి మంచిది కాదన్నారు చుట్టాలు. పిన్ని మాత్రం ఆలస్యం చేసింది నేనే అని చాలా ఏళ్లు ఏడ్చింది.

ముసలావిడకు తిరిగొచ్చిన చూపు పసివాడికి ఎందుకు రాలేదు? చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో బోస్టన్ నగరంలోని ఒక ప్రయోగశాలలో దీనికి జవాబు దొరుకుతోంది. ఆ కథే ఈ పూట చెప్పబోతున్నాను.

చూపు కంట్లోనే ఉంటుందని మనం అనుకుంటాం. కన్ను వెలుతురును పట్టి, నాడుల వెంట కబురు పంపుతుంది, అంతే. ఆ కబురును చదువుకునే చోటు మెదడు వెనుక భాగంలో, మనం పడుకున్నప్పుడు తల దిండుకు ఆనే వైపున ఉంది. రెండు కళ్ల కబుర్లూ అక్కడికే వస్తాయి. ఒక్కొక్క కంటి నుంచి వచ్చే నాడీ తంతువుల్లో దాదాపు సగం అటువైపు మెదడుకు, సగం ఇటువైపు మెదడుకు వెళతాయి. అందుచేత ఒక కన్ను పోయినంత మాత్రాన మెదడులో ఒక పక్కంతా చీకటైపోదు.

ఒక కన్ను బద్ధకిస్తే రెండోదాన్ని మూసి దానిచేత పనిచేయించాలన్న ఉపాయం పాతదే. ఫ్రాన్సు దేశంలో ప్రకృతి శాస్త్రజ్ఞుడు బఫన్ 1743లోనే మెల్లకన్నుకు ఈ చికిత్స చెప్పాడు. మంచికన్నుకు గుడ్డ కట్టమన్నాడు. అది కొందరికి పనిచేసేది, కొందరికి చేసేది కాదు. ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు. ఇలాంటి కంటిని పరీక్షిస్తే లోపమేమీ కనిపించదు. రోగికి ఏమీ కనబడదు, డాక్టరుకూ ఏమీ కనబడదు అని కంటివైద్యులు తమలో తాము హాస్యమాడుకునేవారట.

1958లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో, స్టీఫెన్ కఫ్లర్ అనే ఆచార్యుని దగ్గర ఇద్దరు యువకులు కలిశారు. డేవిడ్ హ్యూబెల్ కెనడాలో పుట్టినవాడు, టోర్‌స్టెన్ వీజల్ స్వీడన్‌ నుంచి వచ్చినవాడు. మత్తిచ్చిన పిల్లి మెదడులో వెంట్రుక కన్నా సన్నని తీగ ఉంచి, ఒక్కొక్క నాడీకణం ఏం మాట్లాడుతుందో స్పీకరు పెట్టి వినేవారు. కణం ఉత్సాహపడితే టపటపమని చప్పుడొస్తుంది. గాజుపలక మీద నల్లచుక్క పెట్టి గంటల తరబడి చూపించారు. కణం పలకలేదు. విసుగొచ్చి పలక మార్చబోతుంటే ఒక్కసారిగా టపటపా మోగింది! తీరా చూస్తే దాన్ని కదిలించింది చుక్క కాదు, జరుగుతున్న పలక అంచు నీడగీత. మెదడులో ఈ కణాలు చుక్కల కన్నా గీతలనే గుర్తుపడతాయని అలా తెలిసింది. మన వంటింట్లో పొరపాటున కుదిరిన కూరలాగే శాస్త్రంలో కూడా కొన్ని జరుగుతాయి మరి.

ఆ మరుసటి ఏడాది వాళ్లు బోస్టన్‌లోని హార్వర్డ్‌కు మారారు. పుట్టుశుక్లం పిల్లలకు ఆలస్యంగా ఆపరేషన్ చేస్తే చూపు రావడం లేదన్న సంగతి వైద్యుల ద్వారా వాళ్లకు తెలుసు. దాన్ని తేల్చుకోవడానికి పిల్లికూనలకు మత్తిచ్చి ఒక కంటిరెప్ప కుట్టేశారు. రెండు మూడు నెలల తర్వాత విప్పి చూశారు. (ఇది చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్లయింది. అయినా ఆ కూనల వల్ల ఎందరు పిల్లలకు చూపు నిలిచిందో తలుచుకుంటే నోరు మెదపలేకపోయాను.) విప్పిన కన్ను దాదాపు మామూలుగానే ఉంది. కానీ మెదడులో ఆ కంటి మాట వినే కణాలు ఇంచుమించు ఒక్కటీ మిగల్లేదు! దాదాపు అన్నీ తెరిచి ఉన్న కంటికే పలుకుతున్నాయి. పెద్దపిల్లికి ఇదే విధంగా నెలల తరబడి కన్ను మూసినా ఏమీ కాలేదు. 1963లో ఈ సంగతి అచ్చయింది. అంటే మా వాడి ఆపరేషన్ నాటికి ఇంకా అచ్చుకాని సంగతి. ఆ డాక్టరుకు గాని, మా పిన్నికి గాని ఎలా తెలుస్తుంది చెప్పండి?

తర్వాత వాళ్లు గడువు లెక్క తీశారు. పిల్లికూనకు నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా అసలైన గండం. నాలుగో వారంలో మూడు నాలుగు రోజులు కన్ను మూసినా దెబ్బే. మూడు నెలలు దాటాక భయం లేదు. మనుషుల్లో ఈ గడువు వారాలతో పోదు, ఏళ్లు నడుస్తుంది. పుట్టిన తొలి నెలలు మరీ సున్నితం, ఏడెనిమిదేళ్లకు పట్టు సడలిపోతుంది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మరో ప్రయోగం. రెండు కళ్లూ మూస్తే నష్టం రెండింతలు కావాలి కదా? కాలేదు. సగం దాకా కణాలు ఇంకా వెలుతురుకు పలికాయి. అంటే ఒక కంటికి వెలుతురు లేకపోవడమొక్కటే హానికి కారణం కాదన్నమాట. పక్కకన్ను పోటీకొచ్చి దాని చోటు లాక్కుంటోంది. చారలచీరలాగా మెదడులో ఒక చార కుడికంటిది, పక్కచార ఎడమకంటిది. పుట్టినప్పుడు రెండు చారలూ సమానమే. కోతుల మీద 1977లో అచ్చువేసిన పరిశోధనలో మూసిన కంటి చార సన్నబడి, తెరిచిన కంటి చార వెడల్పయినట్టు కళ్లారా చూపించారు. ఉమ్మడి ఇంట్లో ఒకడు ఊళ్లో లేకపోతే వాడి గది పక్కవాడి సామానుతో నిండిపోయినట్టే. తిరిగొచ్చాక చోటెక్కడుంది? మా వాడికి ఒక కన్ను బాగుండడమే రెండో కంటికి శాపమైంది. పెద్దవాళ్లు మాత్రం దాన్నే ధైర్యంగా అనుకున్నారు.

1981లో ఈ ఇద్దరికీ, రోజర్ స్పెర్రీతోపాటు, నోబెల్ బహుమానం వచ్చింది. 1984లో మనుషుల మెదడులోనూ ఆ చారలు బయటపడ్డాయి. ఒక కన్ను పోగొట్టుకుని, తరువాత కాలం చేసినవారి మెదడుకు ప్రత్యేకమైన రంగు వేశారు. పనిచేస్తున్న కణాలు ముదురుగా, పనిలేని కణాలు లేతగా కనిపించే రంగు అది. ఒక చార ముదురు, ఒక చార పాలిపోయినది, వరుసగా తేలాయి. పెద్దయ్యాక కన్ను పోతే దాని చార పాలిపోతుంది గాని, జాగా పక్కవాడి పాలు కాదు. మా అమ్మమ్మ బియ్యం ఏరడానికి మూలం అదే. చిన్నప్పుడు ఎప్పుడో కుదుటపడిన చోటు ఆవిడ కోసం అలాగే కాచుకుని ఉంది.

వైద్యులు పద్ధతి మార్చుకున్నారు. ఒక కంటికి దట్టమైన పుట్టుశుక్లం ఉంటే ఇప్పుడు మొదటి ఆరేడు వారాల్లోనే తీస్తారు. తర్వాత అద్దాలు, మంచికంటికి రోజూ కొంతసేపు పట్టీ. ఆ పట్టీ వేయించుకోమని పిల్లల్ని బతిమాలడం ఎంత కష్టమో వేసిన తల్లులకే తెలుసు. గంటలు ఎక్కువైనకొద్దీ మంచిదనుకునేవారు. మరీ ముదరని కేసుల్లో రోజుకు రెండు గంటలు చాలునని 2003లో అమెరికాలో జరిగిన పరీక్షలో తేలింది.

మన ఇళ్లల్లో ఇంకో చిక్కుంది. మెల్లకన్ను అదృష్టమంటాం! నేనూ అన్నదాన్నే. పిల్లవాడి కళ్లు చెరోవైపు చూస్తే మెదడుకు రెండు బొమ్మలు కుదరవు. అది ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. పక్కన పెట్టిన కన్ను సోమరికన్ను అవుతుంది. శుక్లంలా తెల్లగా కనిపించదు కనుక ఇంట్లోవాళ్లు పట్టించుకోరు. పసిబిడ్డ ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూస్తే చేతులు తోసేసి ఏడ్చిందంటే, తెరిచి ఉన్న కంట్లో చూపు తక్కువని అనుమానించాలి. ఆ పరీక్షకు పరికరాలేమీ అక్కర్లేదు, అమ్మ అరచెయ్యి చాలు.

మరి గడువు దాటితే తలుపు మూసుకున్నట్టేనా? చాలాకాలం అలాగే చెప్పారు. అమెరికాలో సూసన్ బారీ అనే ఆచార్యురాలికి పసితనం నుంచి మెల్లకన్ను. చిన్నప్పుడే మూడు ఆపరేషన్లు జరిగాయి. కళ్లు సూటిగా కనిపించేవి గాని, లోకం మాత్రం ఆవిడకు పటంలాగా చదునుగానే ఉండేది. ఆ సంగతి ఆవిడకు తెలిసిందే కాలేజీలో ఈ పిల్లికూనల పాఠం వింటూ ఉండగా. నలభై ఎనిమిదేళ్ల వయసులో, 2002లో, కంటికి కసరత్తు చేయించుకున్నారు. ఒకరోజు కారెక్కి కూర్చుంటే స్టీరింగు చక్రం ఎదురుగా గాలిలో తేలినట్టు ముందుకు పొడుచుకొచ్చి కనిపించిందట! మన ఢిల్లీలో కూడా, పవన్ సిన్హా గారు నడిపిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, రెండు కళ్లకూ పుట్టుశుక్లంతో పెరిగిన పిల్లలకు పెద్దయ్యాక శస్త్రచికిత్స చేస్తే, సన్నని అక్షరాలు చదివేంత కాకపోయినా, మనుషుల్నీ వస్తువుల్నీ పోల్చుకునేంత చూపు నెమ్మదిగా వచ్చింది. ఒంటికంటి పోటీ లేకపోవడం వీళ్లకు కలిసొచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది.

మా పిన్ని కొడుకు ఒంటికంటితోనే చదువుకున్నాడు, ఉద్యోగం చేశాడు, రిటైరయ్యాడు. కాఫీ గ్లాసు అందిస్తే మాత్రం ఇప్పటికీ బెత్తెడు దూరంలో తడుముతాడు. వాడికి ఈమధ్య మనవడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురాకముందే పిల్లల డాక్టరుచేత రెండు కళ్లలోనూ లైటు వేయించి చూపించాడట. "అక్కా, రెండు కంటిపాపల్లోనూ ఎర్రగా మెరిసింది, అడ్డమేమీ లేదట" అని రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు.