నది ఒక్కటే, సంత ఒక్కటే, మారింది రాజ్యాలే

గోదావరి ఎడమ ఒడ్డున భద్రాచలం దిగువనున్న కూనవరం, రేకపల్లి, చింతూరు ఊళ్లు ఎన్ని చేతులు మారాయో ఒక్కసారి లెక్క వేద్దాం. 1860 దాకా నిజాం రాజ్యం. ఆ ఏడాది ఒప్పందంతో తెల్లవారి పాలన కిందికి వచ్చి, కొద్దికాలానికే సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరాయి. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి, గోదావరి జిల్లాకు మారాయి. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో పోలవరం కోసం మళ్లీ తూర్పు గోదావరికి తెచ్చారు, కానీ భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. ఇన్ని మార్పుల్లో ఒక్క ఊరూ కదల్లేదు. కోయలూ కొండరెడ్లూ చింతపండు, కరక్కాయ, తేనె, కొండచీపుర్లు మోసుకొని అవే సంతలకు నడిచారు. కోస్తా నుంచి వచ్చే ఉప్పూ బట్టా అక్కడే కొన్నారు.

సరిహద్దుతో పనిలేకుండా సరుకు నడవాలని రాజులు కూడా ఒకసారి ఒప్పుకున్నారు. 1860 ఒప్పందంలో ఒక షరతు ఉంది. గోదావరి మీద ఎగువకూ దిగువకూ పోయే సరుకుపై నిజాం గానీ, తెల్లవారు గానీ సుంకం వెయ్యకూడదు. వినడానికి బాగుంది. అయితే అది మన చింతపండు కోసం కాదు. నాగపూరు, బేరారు పత్తిని నది మీదుగా సముద్రానికి దించాలని వారి ఆలోచన. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఈ జలమార్గం కోసం గట్టిగా వాదించాడు. దారిలోని రాతి అడ్డంకులు దాటడానికి కాలువలు, లాకులు మొదలుపెట్టి, ఖర్చు భరించలేక 1871లో పని వదిలేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నంలో మిగిలిన గుర్తు. పత్తి పడవలు అనుకున్నట్టు రాలేదు. మన అడవి వెదురూ కలపా మాత్రం తెప్పలై రాజమండ్రికి దిగుతూనే ఉన్నాయి.

సరుకుకు దారి తెరిచినంత మాత్రాన మనిషికి న్యాయం జరగదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1879 మార్చిలో రంప తిరగబడింది. ఇంట్లో తాగే కల్లు మీద కూడా పన్ను వేశారని, చిగురుపన్ను కోసం మున్సబుదారు పీడించాడని మనం చదువుకున్నాం. కారం తమ్మన్నదొర పేరూ విన్నాం. మద్రాసు ఏలుబడిలోకి వచ్చాక పోడు పన్ను పెరిగిన రేకపల్లి కూడా ఆ పోరులో కలిసింది. మేము మీకు ప్రత్యేకంగా గుర్తుచేయదలచింది ఇంకో కారణం. మైదానం నుంచి వచ్చిన వర్తకులు మనవాళ్లతో నోటిమాట బేరాలు చేసుకునేవారు. తర్వాత కోర్టుకెక్కి, అటువైపు మనిషి హాజరు కాలేదని చెప్పి ఏకపక్షంగా డిక్రీ తెచ్చుకునేవారు. కొద్దిపాటి బాకీకి పశువులూ పంటా తోలుకుపోయేవారు. కోర్టు ఎక్కడో దూరాన, మనకు రాని భాషలో నడిచేది. వర్తకుడి కాగితం కొండమీద చెల్లింది, కొండమనిషి మాట మైదానంలో చెల్లలేదు. తగువంతా అక్కడే ఉంది.

దెబ్బ తిన్నాక ప్రభుత్వాలు కొన్ని కట్టుబాట్లు పెట్టాయి. 1917 చట్టం ఏజెన్సీలో వడ్డీని ఏడాదికి 24 శాతానికి మించనివ్వలేదు, భూమి గిరిజనేతరులకు పోకుండా అడ్డుకట్ట వేసింది. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డు ప్రాంతంలో అటవీ ఫలసాయం కొనే గుత్త హక్కు ఆ సంస్థకే దక్కింది. దళారి నుంచి కాపాడడానికే ఆ పని చేశారు. మేము దాన్ని తప్పుపట్టం, తూకంలో మోసం ఎంత ఘోరంగా ఉండేదో మన పెద్దలకు తెలుసు. కానీ కొనేవాడు ఒక్కడే అయితే ధర చెప్పేవాడూ వాడే. వాడు కొనని రోజున సరుకు ఎక్కడికి పోవాలి?

అదే 1979లో ఐరోపాలో ఒక తీర్పు వచ్చింది. ఫ్రాన్సులో చేసిన కాసిస్ అనే పండ్ల మద్యం తమ నియమం కంటే తక్కువ ఘాటుగా ఉందని జర్మనీ అమ్మనివ్వలేదు. ఒక సభ్యదేశంలో చట్టప్రకారం తయారై అమ్ముడయ్యే సరుకును, బలమైన కారణం లేకుండా ఇంకో సభ్యదేశం ఆపకూడదని ఐరోపా న్యాయస్థానం చెప్పింది. పరస్పర గుర్తింపు అనే సూత్రం అక్కడ స్థిరపడింది. (రంపలో కల్లు, అక్కడ కాసిస్! రెండు కథల్లోనూ మద్యమే ముందుకు వచ్చింది.) మన రాజ్యాంగంలోని 301వ అధికరణం కూడా దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలనే అంటుంది. అయినా అడవి సరుకు ప్రతి చెక్‌పోస్టు దగ్గరా ఆగింది, ఎందుకంటే దానికి పర్మిట్టు ఇచ్చే అధికారం అటవీ శాఖదే.

2006 అటవీ హక్కుల చట్టం ఈ లెక్కను మార్చింది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం మనది, అమ్ముకునే హక్కూ మనదే. ఆ చట్టం ప్రకారం వెదురు కూడా ఆ ఫలసాయంలో భాగమే. 2011 ఏప్రిల్‌లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా మెంఢా లేఖా గ్రామసభకు వెదురు రవాణా పాసు పుస్తకాన్ని కేంద్రమంత్రి స్వయంగా అందించారు. అది గోండుల ఊరు, మన గోదావరి పరీవాహకంలోనిదే. 2012లో సవరించిన నియమాల ప్రకారం రవాణా పర్మిట్టు గ్రామసభ వేసిన కమిటీ గానీ, గ్రామసభ అధికారమిచ్చిన మనిషి గానీ ఇవ్వవచ్చు. ఆ పర్మిట్టు పేరుతో అమ్ముకునే హక్కును కుదించకూడదని కూడా అందులో రాశారు.

ఇప్పుడు చింతూరు వైపు చూడండి. శబరి ఒడ్డునే ఛత్తీస్‌గఢ్‌లోని కోంటా, ఒడిశాలోని మోటు. మూడు రాష్ట్రాల్లోనూ మన చుట్టాలే. కోంటా పక్క ఊరి గ్రామసభ రాసిచ్చిన కాగితాన్ని చింతూరు చెక్‌పోస్టులో చూసి పంపాలి, ఇక్కడి గ్రామసభ కాగితాన్ని భద్రాచలంలో ఒప్పుకోవాలి. 2023 డిసెంబరులో కేంద్రం కలప, వెదురు, ఇతర అటవీ ఉత్పత్తులకు దేశమంతా చెల్లే ఆన్‌లైన్ పాసును మొదలుపెట్టింది. మంచిదే. కానీ సిగ్నల్ దొరకని గూడెంలో పాసు ఎవరు తీస్తారు? ఆ పాసు పక్కన గ్రామసభ సంతకానికి విలువ ఉంటుందా, ఉండదా?

చదువుకున్న మీరు వచ్చే గ్రామసభలో ఈ ప్రశ్న వెయ్యండి. కమిటీ వేశారా, పాసు పుస్తకం అచ్చు వేయించారా, అది ఎవరి దగ్గర ఉంది? లేకపోతే తీర్మానం రాయండి, కింద సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. ఒక నకలు ఐ.టి.డి.ఎ.కు, ఒకటి అటవీ రేంజి కార్యాలయానికి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. చింతపండు కోతలు మొదలయ్యేలోపు ఈ పని కావాలి.